గుంటూరులో 1993 నాటి ఇల్లు: అమ్మకానికి పెట్టే ముందు ఎంతవరకు బాగుచేయించాలి?

గుంటూరు ఆడపడుచు

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

గుంటూరులో మా నాన్నగారు 1993లో కట్టించిన ఇల్లు ఉంది. స్థలం 1988లో కొన్నారు. ఐదు సెంట్లు, అంటే 242 గజాలు, ఉత్తరం ఫేసింగ్, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే. రెండు బెడ్రూములు, హాలు, వంటగది, చిన్న పూజగది, వెనక పెరట్లో ఒక కొబ్బరి చెట్టు. నాన్నగారు పోయి రెండేళ్లయింది. అమ్మ ఒక్కతే ఉండలేక హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసింది, తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ఏడాదిన్నరగా ఇల్లు తాళం వేసే ఉంది. ఇంక అమ్మేద్దామని ముగ్గురం ఒక మాట అనుకున్నాం. కార్తీకంలో కొనేవాళ్లు కదులుతారు, ధనుర్మాసం వస్తే మళ్లీ సంక్రాంతి దాకా ఎవరూ రారు అంటున్నారు కాబట్టి దసరా తర్వాత చూపించడం మొదలుపెట్టాలని ఆలోచన.

పోయిన వారం వెళ్లి తాళం తీశాను. ఇల్లు చూసి గుండె జారిపోయింది. ఉత్తరం వైపు బెడ్రూములో మంచం వెనక గోడ నేల దగ్గర నుంచి మోకాలి ఎత్తు వరకు రంగు అప్పడంలా పొంగింది. వేలితో తాకితే పొలుసులు పొలుసులుగా రాలింది, కింద తెల్లగా ఉప్పులాంటి పొడి. హాల్లో ఫ్యాను పక్కన స్లాబుకి పళ్లెం అంత గోధుమరంగు మరక. వంటగది కిటికీ మూల నుంచి పైకి ఐమూలగా ఒక పగులు, అందులోకి రూపాయి బిళ్ల అంచు దూరుతోంది.

ఎవర్ని అడిగితే వాళ్లు ఒక మాట చెబుతున్నారు. బ్రోకరేమో "ముందు లప్పం పెట్టించి రెండు పూతలు రంగు కొట్టించండమ్మా, ఏమీ కనపడదు, వచ్చినవాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు" అంటాడు. ఆయన తీసుకొచ్చిన కాంట్రాక్టరు పీఓపీ సీలింగు, మొజాయిక్ మీద కొత్త టైల్స్, మాడ్యులర్ కిచెన్, రంగులు అన్నీ కలిపి 7.5 లక్షలు చెప్పి, పెట్టినదానికి రెట్టింపు వస్తుంది అన్నాడు. మా బాబాయి మాత్రం "కొనేవాడు ఎలాగూ పడగొట్టి కట్టుకుంటాడు, స్థలానికే రేటు, ఒక్క రూపాయి కూడా పెట్టకు" అని ఖచ్చితంగా చెప్పేశాడు.

నాకు మూడూ నిజమే అనిపిస్తున్నాయి, మూడూ అబద్ధమే అనిపిస్తున్నాయి. నాన్న దగ్గరుండి ఒక్కో ఇటుకా తడిపించి కట్టించిన ఇల్లు, దాన్ని పైపూతతో ఎవరికో అంటగట్టినట్టు అమ్మాలని లేదు. అలాగని పాడుబడ్డట్టు ఉంచి చవగ్గా ఇచ్చేయాలనీ లేదు. దేనికి డబ్బు పెట్టాలి, దేనికి వద్దు? ఇంకో చిన్న విషయం, అమ్మ ముప్పై ఏళ్లు పసుపు రాసిన గడపలకి పెయింటరు ఎనామిల్ కొట్టేస్తానన్నాడు, నాకు మనసొప్పలేదు. అది కూడా చెప్పండి.

సైట్ ఇంజినీర్, తెనాలి

అమ్మా, మీరు చెప్పినవి మూడూ మూడు వేరు వేరు జబ్బులు. మూడింటికీ లప్పమే మందు అనేవాడిని గేటు లోపలికి రానివ్వకండి. ఇరవై రెండేళ్లుగా గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఇళ్లు కట్టిస్తున్నాను, పాత ఇళ్లు బాగుచేయిస్తున్నాను, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

బెడ్రూము గోడ. మోకాలి ఎత్తు వరకే చెమ్మ ఉందంటే అది పైనుంచి కారింది కాదు, నేల నుంచి ఎక్కింది. ఇటుక గోడ దీపం వత్తిలా నీళ్లు పైకి పీలుస్తుంది. ఆ నీళ్లతో పాటు మట్టిలో ఉన్న లవణాలు కూడా ఎక్కి, నీరు ఆరిపోయాక ఉప్పు గోడ మీద మిగిలిపోతుంది. మీరు చూసిన తెల్లపొడి అదే. అది రంగుని వెనక నుంచి నెట్టేస్తుంది కాబట్టి మీరు ఎంత ఖరీదైన ఎమల్షన్ కొట్టించినా ఊడొస్తుంది. అందుకే ముందు ఆ గోడకి బయటవైపు ఏముందో వెళ్లి చూడండి. కారే కుళాయో, మొక్కల మడో, సంపో, బాత్రూము పైపో ఏదో ఒకటి ఉంటుంది. ఇంకో సంగతి, మన ఊళ్లలో రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, దాన్ని చూసి మనం వాకిలి కూడా మట్టి పోసి ఎత్తు చేసుకుంటాం. అలా చేస్తూ పోతే ఒకరోజు బయటి నేల ఇంటి గచ్చు కంటే పైకి వచ్చేస్తుంది. పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసిన బెల్టు మట్టిలో కూరుకుపోయాక అది ఏం ఆపుతుంది? ముందు ఆ మూలాన్ని తీసేయాలి. తర్వాత చెమ్మ కనపడిన చోటికి ఇంకో అడుగు పైదాకా ప్లాస్టరింగు ఇటుక కనపడేలా కొట్టించి, ఉప్పుని బ్రష్షుతో దులిపి, గోడని ఆరనివ్వండి. ఆరాక వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపిన మాలుతో మళ్లీ ప్లాస్టరింగు చేయించాలి. ఇది పది రోజుల్లో అయ్యే పని కాదు, ఇప్పుడు మొదలుపెడితేనే కార్తీకానికి అందుతుంది.

హాలు స్లాబు. ఏడాదిన్నర తాళం వేసిన ఇల్లు, పక్కన కొబ్బరి చెట్టు అన్నారు. నూటికి తొంభై పాళ్లు డాబా మీద వాన నీటి గొట్టం నోరు ఆకులతో పూడిపోయి నీళ్లు నిలబడి ఉంటాయి. ముందు డాబా ఊడ్పించి గొట్టం శుభ్రం చేయించండి. తర్వాత కింద నుంచి కర్రతోనో సుత్తి పిడితోనో ఆ మరక చుట్టూ తట్టి చూడండి. ఘనంగా మోగితే పరవాలేదు. డొల్లగా మోగితే లోపల చువ్వలు తుప్పు పట్టి పెచ్చు విడిపోతోందని అర్థం. అప్పుడు పెచ్చు తీసి, చువ్వల్ని వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు పట్టకుండా పూత పూసి, పాలిమర్ మాలుతో నింపాలి. డొల్ల లేకపోతే మాత్రం డాబా మీద మరక ఉన్న భాగానికి చిన్న సిమెంటు గట్టు కట్టించి రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టండి. కింద ఎక్కడ చెమ్మ దిగితే అక్కడే జబ్బు. ఇల్లంతటికీ వాటర్‌ప్రూఫింగ్ చేయాలి అనే కొటేషన్ల మీద ఈ పరీక్ష చేయకుండా సంతకం పెట్టకండి.

కిటికీ మూల పగులు. గుంటూరంటే నల్లరేగడి. ఎండాకాలం ఆ నేల ఎండి కుంచించుకుపోయి, వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది. దాని మీద కట్టిన ఇల్లు కూడా ఏటా కాస్త కదులుతుంది, ఆ కదలిక ముందుగా కిటికీ, గుమ్మం మూలల్లోనే ఐమూల పగులుగా బయటపడుతుంది. అది ఎప్పుడో కదిలి ఆగిపోయిందా, ఇంకా కదులుతోందా అన్నది తెలియాలి. పగులుకి అడ్డంగా ఒక సన్నటి గాజు పలకని రెండు చివర్లా సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిలుతో తారీకు రాయండి. గోడ కదిలితే గాజు విరుగుతుంది. విరగలేదంటే పగులుని వి ఆకారంలో చెక్కి, నింపి, మెష్ వేసి ప్లాస్టరింగు చేస్తే సరిపోతుంది. విరిగితే మాత్రం స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాల్సిందే.

ఇంక ఆ 7.5 లక్షల పని. వద్దమ్మా. మాడ్యులర్ కిచెన్ మీ అభిరుచికి చేయిస్తే కొనే ఇల్లాలికి నచ్చాలని ఏముంది? మొజాయిక్ పగుళ్లు లేకుండా ఉంటే పాలిష్ పట్టించండి, అద్దంలా వస్తుంది, టైల్స్ కంటే ఎంతో చవక. పీఓపీ సీలింగు అయితే నేరుగా నష్టమే. ముప్పై ఏళ్ల స్లాబు కింద కొత్త సీలింగు కనపడితే నాలాంటివాడు మొట్టమొదట అడిగేది దాని వెనక ఏం దాచారని.

మీ బాబాయి గారి మాట సగం నిజం. గుంటూరులో ఇండిపెండెంట్ ఇంటికి ప్రధానంగా స్థలానికే రేటు. అయితే ఐదు సెంట్లు కొనేవాళ్లలో వెంటనే పడగొట్టేవాళ్లు కొందరు, ముందు కాపురం పెట్టి నాలుగైదేళ్లకు చూద్దాం అనుకునేవాళ్లు చాలామంది. ఆ రెండో రకం వాళ్లకి ఇల్లు కారకూడదు, కరెంటు, నీళ్లు సరిగ్గా ఉండాలి. మీరు పెట్టే ప్రతి రూపాయీ దానికోసమే పెట్టండి.

పాత ఏలూరు

ఇంజినీర్ గారు చెప్పినదానికి నాకు జరిగిందే సాక్ష్యం అక్కా.

మేం ఏలూరులో అత్తగారి ఇల్లు అమ్మేటప్పుడు అచ్చం మీ బ్రోకరు చెప్పిన పనే చేశాం. మే నెలలో 90 వేలు పెట్టి లప్పం, రంగులు. ఇల్లు మెరిసిపోయింది. జూన్‌లో ఒకాయన చూసి అడ్వాన్సు ఇచ్చేశారు, అగ్రిమెంట్ రాసుకున్నాం, మాకు పెద్ద భారం దిగినట్టయింది. జూలైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆ ముసురులోనే ఆయన భార్యనీ, అత్తగారినీ తీసుకుని ఇల్లు చూపిద్దామని వచ్చారు. హాలు గోడ మీద చెమ్మ మ్యాపులా లేచి ఉంది. ఆ పెద్దావిడ గోడ మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని చీర చెంగుకి తుడుచుకున్నారు. ఒక్క మాట అనలేదు. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం గుర్తొస్తే సిగ్గుతో తల దించుకోవాలనిపిస్తుంది. చివరికి 2 లక్షలు తగ్గించి ఇచ్చాం. డబ్బు పోయినందుకు కాదు, ఆ రోజు నుంచి రిజిస్ట్రేషన్ దాకా మేం చెప్పిన ఏ మాటా వాళ్లు నమ్మలేదు. బోరులో నీళ్లున్నాయంటే మోటారు వేసి గంటసేపు నిలబడి చూశారు.

అందుకే మీరు బాగుచేయించండి, బాగుచేయించినట్టు చెప్పండి కూడా. పని జరిగేటప్పుడు ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇటుకలు బయటపడ్డ గోడ, తుప్పు తీసిన చువ్వలు, అన్నీ. బిల్లులు ఒక కవరులో వేసి ఉంచండి.

మాకు పనికొచ్చింది ఏమిటంటే ఇల్లు ఖాళీ చేయడం. పాత సామాను అటక మీద నుంచి దింపితే రెండు ట్రాలీ ఆటోలు నిండింది. నాలుగు తరాల ఇత్తడి బిందెలు, విరిగిన కుర్చీలు, పిల్లల పుస్తకాలు. బిందెలు ఆడపిల్లలకి పంచేశాం, మిగతావి పాతసామాన్ల వాళ్లకి ఇచ్చేశాం. గది ఖాళీ అయ్యేసరికి ఎంత పెద్దదిగా కనపడిందో! కానీ పూర్తిగా ఖాళీ చేయకండి, హాల్లో నాలుగు కుర్చీలు, ఒక బల్ల ఉంచండి, వచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే బేరం నిలబడుతుంది. బల్బులన్నీ మార్చి పెట్టండి, కిటికీ రెక్కలకి నూనె వేయించండి. వాస్తు కోసం గోడలు పగలగొట్టే పని అసలు పెట్టుకోకండి, ఎవరి సిద్ధాంతి వాళ్లకుంటాడు. ఈశాన్యం మూల పాత సామాను, మట్టి గుట్ట లేకుండా చూసుకుంటే చాలు, వచ్చిన వాళ్లు మొదట చూసేది ఆ మూలే.

గడపల సంగతి. ఎనామిల్ కొట్టించకండి అక్కా. పాత పసుపు జిడ్డు పట్టి నల్లబడి ఉంటే కుంకుడు రసంతో కడిగించండి, చూడ్డానికి వచ్చే రోజు పొద్దున్నే కొత్త పసుపు రాసి, బొట్లు పెట్టి, వాకిట్లో ముగ్గు వేయండి. వీలైతే అమ్మగారినే వేయమనండి.

నరసరావుపేట నుంచి గుంటూరు

మేం కొన్నవాళ్లం, ఆ వైపు నుంచి రాస్తున్నా. పిల్లల చదువుల కోసం పోయిన ఏడాది గుంటూరు వచ్చాం, ఐదు నెలల్లో పదకొండు ఇళ్లు చూశాం.

రంగు ఏ ఇంటికి ఏది ఉందో నాకు ఒక్కటీ గుర్తులేదు. వాసన మాత్రం గుర్తుంది. తాళం వేసిన ఇళ్లలో బాత్రూము తలుపు తీయగానే డ్రైనేజీ కంపు కొట్టి మా ఆవిడ అక్కడి నుంచే వెనక్కి తిరిగేది. తర్వాత ప్లంబరు చెప్తే తెలిసింది, నేల జాలీ కింద ట్రాపులో ఎప్పుడూ కాస్త నీళ్లు నిలిచి ఉండాలట, అవే కింద నుంచి వచ్చే వాసననీ బొద్దింకల్నీ ఆపుతాయి. ఇల్లు నెలల తరబడి వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. వారానికి ఒకసారి ప్రతి జాలీలో బకెట్ నీళ్లు పోసే మనిషిని పెట్టుకోండి, అదే మనిషి కిటికీలు కూడా తీసి పెడుతుంది. రూపాయి ఖర్చు లేని పని. సంపు, పైన ట్యాంకు కడిగించండి, ఫ్లష్ నిండుతోందో లేదో చూసుకోండి, మేం ప్రతి కుళాయీ తిప్పి చూశాం.

చివరికి మేం కొన్న ఇంట్లో కూడా స్లాబు ఒకప్పుడు కారింది. ఆ సంగతి ఇంటాయనే మొదట చెప్పి, డాబా మీదకి తీసుకెళ్లి, చేయించిన పని చూపించి, మేస్త్రి ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. మిగతా పది ఇళ్లలో "మా ఇల్లు బంగారమండి, ఒక్క కంప్లయింటు లేదు" అన్నవాళ్లే అందరూ. మేం ఈయన దగ్గర పెద్దగా బేరం కూడా ఆడలేదు.

రిటైర్డ్ బ్యాంకు, విజయవాడ

అమ్మాయీ, అందరూ గోడల గురించి చెప్పారు, నేను కాగితాల గురించి చెబుతాను. ముప్పై ఏళ్లు హౌసింగ్ లోన్ల విభాగంలో చేశాను. రంగులు బాగోలేక ఆగిపోయిన అమ్మకం నేను చూడలేదు, కాగితం ఒకటి తక్కువై ఆగిపోయినవి లెక్కలేనన్ని చూశాను. కొనేవాళ్లలో ఎక్కువమంది లోను మీదే కొంటారు, బ్యాంకు లాయరు ఒప్పుకోకపోతే మీ పాలిష్ పట్టిన మొజాయిక్ ఎవరికీ అక్కర్లేదు.

మొదటి ప్రశ్న. నాన్నగారు వీలునామా రాశారా? రాయకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు మీ అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమానంగా వస్తుంది అని మీరు అనుకుంటూ ఉండి ఉంటారు. మీరు "ముగ్గురం అనుకున్నాం" అని రాశారు కాబట్టి అడుగుతున్నాను, నాన్నగారు పోయే నాటికి వారి అమ్మగారు, అంటే మీ నాయనమ్మ, ఉన్నారా? ఉంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే, మీతో సమానంగా ఆమెకీ వాటా ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ ముందు రోజు లాయరు అడిగితే అప్పుడు పరుగులు పెడతారు. తహశీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి, అందులో ఎవరెవరి పేర్లున్నాయో చూసుకోండి, వాళ్లందరూ అమ్మకం పత్రం మీద సంతకం పెట్టాలి, లేదా వాటా వదులుకుంటూ రిజిస్టర్డ్ పత్రం రాయాలి.

రెండోది ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. 1983 నుంచి ఉన్న లావాదేవీలు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, మీ స్థలం 1988లో కొన్నది కాబట్టి మొత్తం వచ్చేస్తుంది. అది చూసేటప్పుడు ఒక విషయం గమనించండి. నాన్నగారు ఇల్లు కట్టడానికి లోను తీసుకుని ఉంటే, అప్పు తీర్చేసినా ఆ తనఖా ఈసీలో అలాగే కనపడుతూ ఉండొచ్చు. రిలీజ్ కాగితం రాయించి రిజిస్టర్ చేయించుకోవాలి, ఒరిజినల్ డాక్యుమెంట్లు చేతికి వచ్చాయో లేదో చూసుకోవాలి. 1988 నాటి దస్తావేజుతో పాటు దాని వెనక లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు యజమానుల దస్తావేజులు), మున్సిపల్ ప్లాను, ఇంటి పన్ను రసీదులు ఒకే ఫైలులో పెట్టండి. ఇంటి పన్ను, కరెంటు సర్వీసు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే మార్పించండి. స్థలాన్ని ఒకసారి సర్వేయరుతో కొలిపించండి, 242 గజాలని కాగితంలో ఉండి నేల మీద 236 ఉంటే అది మీకు ముందుగా తెలియాలి, కొనేవాడు టేపు పట్టుకుని చెప్పినప్పుడు కాదు. పడగొట్టి కట్టుకునేవాడు ఇంటి లోపలికి కూడా రాడు, హద్దులూ రోడ్డు వెడల్పూ చూసి వెళ్లిపోతాడు.

తమ్ముడు అమెరికాలో ఉన్నాడు కాబట్టి రెండు విషయాలు. సంతకానికి రాలేకపోతే అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవరాఫ్ అటార్నీ పంపాలి. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇంకా, 50 లక్షలు, ఆపైన అమ్మితే మామూలుగా కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (మీకిచ్చే సొమ్ములోంచి ముందుగానే ఆదాయపు పన్నుగా) పట్టుకుంటారు, కానీ ఎన్నారై వాటాకి ఆ ఒక శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి. ముందుగానే ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకి దరఖాస్తు పెట్టుకుంటే తక్కువ పట్టుకోమని సర్టిఫికెట్ ఇస్తారు. దానికి టైము పడుతుంది, ఆడిటర్‌ని ఇప్పుడే కలవండి. ఇల్లు 2001 ఏప్రిల్‌కి ముందుది కాబట్టి, అమ్మకం లాభం మీద కట్టే పన్నుకి ఆ నాటి విలువను కొన్న ధరగా లెక్క వేసుకునే వీలుంది, అది కూడా ఆయన చూస్తారు. అన్నట్టు, ఇప్పుడు వేయించే రంగులు, చిల్లర రిపేర్లు ఆ లెక్కలో తీసేయడానికి కుదరదు, బ్రోకరు కమిషన్ కుదురుతుంది. కొంత నగదుగా ఇస్తామంటే ఒప్పుకోకండి, ఇల్లు అమ్మిన సొమ్ములో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదు.

లప్పం గురించి ఒక్క మాట. మీకు తెలిసిన, కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపాన్ని చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే, 55వ సెక్షన్‌లో, ఉంది. తెలిసి కప్పిపెట్టమని చెప్పే బ్రోకరుకి రేపు గొడవ వస్తే ఏమీ కాదు, సంతకం పెట్టినవాళ్లకే.

ప్లానో తెలుగు

మీ తమ్ముడిది డల్లాస్ అన్నారు కాబట్టి ఇది తనకి చూపించండి. ఇక్కడ టెక్సస్‌లో ఇల్లు అమ్మాలంటే ఇంటాయన తనకు తెలిసిన లోపాలన్నీ ఒక ఫారంలో రాసి ఇవ్వాలి, రాష్ట్ర చట్టం. రూఫు సంగతి, ఇంట్లోకి నీళ్లు వచ్చిన సంగతి, ఫౌండేషన్‌కి రిపేరు చేయించిన సంగతి. డల్లాస్ చుట్టూ కూడా నల్లమట్టే, ఇక్కడి ఇళ్లకీ అచ్చం అలాంటి పగుళ్లే వస్తాయి, ఎండాకాలం ఇంటి చుట్టూ మట్టి ఎండిపోకుండా సన్నగా నీళ్లు పెడుతుంటాం. మేం పోయినసారి ఇల్లు అమ్మినప్పుడు ఫౌండేషన్ రిపేరు కాగితాలు మేమే ముందుగా చేతిలో పెట్టాం, కొన్నవాళ్లు ఆ ఒక్క విషయం మీద మళ్లీ ప్రశ్న అడగలేదు. మన దగ్గర ఫారం లేకపోయినా ఒక తెల్లకాగితం మీద రాసి ఇవ్వడానికి ఎవరు అడ్డం?

గుంటూరు ఆడపడుచు

అందరికీ చేతులెత్తి దండం. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఈ మధ్య రెండుసార్లు గుంటూరు వెళ్లొచ్చాను.

ఇంజినీర్ గారూ, మీరు అన్నట్టే ఉంది. బెడ్రూము గోడ బయట అమ్మ మల్లె మడి. ఏళ్ల తరబడి మట్టి, పేడ ఎరువు పోసి పోసి లోపలి గచ్చు కంటే జానెడు ఎత్తయింది, పైగా దాని పక్కన కుళాయి వాషరు పోయి చుక్క చుక్క కారుతూనే ఉంది. తాళం వేసి వచ్చినప్పటి నుంచీ కారుతున్నట్టుంది. మట్టి తీయించేశాం, మల్లె పాదుని కుండీలోకి మార్చి హైదరాబాద్ తెచ్చుకున్నాను, రెండు చిగుళ్లు వేసింది. గోడ చెక్కించాం, ఇప్పుడు ఆరుతోంది. డాబా మీద గొట్టం నోట్లో కొబ్బరి పీచు, దాని కింద పక్కింటి పిల్లల టెన్నిస్ బంతి. తీయగానే గుడగుడమని నీళ్లు దిగాయి. స్లాబు తట్టి చూస్తే గట్టిగానే మోగింది, నీళ్లు నిలబెడితే గొట్టం మొదట్లో జాయింటు దగ్గర మాత్రం చెమ్మ దిగింది, ఆ చుట్టూ నాలుగడుగులు బాగుచేస్తే చాలని మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. వంటగదిలో గాజు పలక అతికించి తారీకు రాశాను, ఇప్పటికి విరగలేదు. మొత్తం మీద పాలిష్, రంగులతో సహా 1.6 లక్షల లోపే అయ్యేలా ఉంది.

బ్యాంకు సార్, మీ పోస్టు చదివి చెమటలు పట్టాయి. నాయనమ్మ ఉన్నారు. 91 ఏళ్లు, నరసరావుపేటలో బాబాయి దగ్గరే ఉంటారు. ఆమెకి వాటా ఉంటుందని మా ఎవరికీ తట్టలేదు. వెళ్లి విషయం చెప్పాను. "నా కొడుకు కట్టిన ఇల్లు, నీ తల్లికి రాసిస్తాను, కాగితం తీసుకురా" అన్నారు. కానీ మంచం దిగలేని పరిస్థితి. రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎలా తీసుకెళ్లాలో అర్థం కావట్లేదు. ఇంజినీర్ గారికి కూడా ఒక ప్రశ్న, గోడ ఆరిందని నాకెలా తెలుస్తుంది? పెయింటరు ఆరిపోయింది మేడం అని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

రిటైర్డ్ బ్యాంకు, విజయవాడ

తీసుకెళ్లక్కర్లేదు. కదలలేని పెద్దవాళ్ల కోసం సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే ఏర్పాటు ఉంది. కారణం రాసి దరఖాస్తు పెట్టాలి, దానికి ఫీజు ఉంటుంది, డాక్టరు సర్టిఫికెట్ జత చేయండి. ఆమె చెప్పేది ఆమె నోటితోనే వాళ్లు అడిగి తెలుసుకుంటారు కాబట్టి ముందుగా పత్రం మొత్తం ఆమెకి చదివి వినిపించండి. బాబాయి గారు కూడా ఆ రోజు పక్కనే ఉంటే మంచిది.

సైట్ ఇంజినీర్, తెనాలి

పెయింటరు చెయ్యి పెట్టి చెప్పేది లెక్క కాదమ్మా. అడుగు చదరం పాలిథీన్ కవరు కత్తిరించి, గోడ మీద చెమ్మ ఉన్న చోట పెట్టి నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించండి. మర్నాడు అదే టైముకి చూడండి. కవరు లోపలి వైపు చెమ్మ పట్టినా, దాని కింద గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదని అర్థం. అలాంటప్పుడు ఇంకో పది పదిహేను రోజులు కిటికీలు తీసి ఉంచి, మళ్లీ అంటించి చూడండి. ఇప్పుడు ఇటుక మీద ఒకసారి, కొత్త ప్లాస్టరింగు నీళ్లు కొట్టి ఆరాక రంగుకి ముందు ఇంకోసారి, రెండుసార్లూ చేయాలి. ఆ ఫోటోలు కూడా మీ కవరులో పెట్టుకోండి.